నాయనమ్మ గురించి రాస్తే అది వ్యాసం కాదా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న ఒక పాఠకురాలిది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం చుట్టుపక్కల పల్లె అని మాత్రం చెప్పనిచ్చారు. వయసు ఇరవై ఎనిమిది. మెయిన్స్, అంటే సివిల్స్‌లో ప్రిలిమ్స్ తర్వాత వచ్చే రాత పరీక్ష, తెలుగులో రాస్తారు.

2022 జూలై వరదకి వీళ్ల ఇల్లు మునిగింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరద అది. ఇంటిల్లిపాదీ గుట్ట మీద టార్పాలిన్ కింద పది రోజులున్నారు. ఆ తర్వాత రెండు నెలలకే ఈవిడ మెయిన్స్ రాయడానికి కూర్చున్నారు. వ్యాసం పేపర్లో ఒక ప్రశ్న: ‘ఒకే నదిలో రెండుసార్లు అడుగు పెట్టలేవు’. ఆ ప్రశ్నే ఎంచుకున్నారు. గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్‌తో మొదలుపెట్టి, కోచింగ్‌లో నేర్పినట్టే రాజకీయం, ఆర్థికం, సమాజం, సాంకేతికం, పర్యావరణం అని ఒక్కో డైమెన్షన్ (కోణం) మీద ఒక్కో పేరా రాసి, వే ఫార్వర్డ్‌తో, అంటే ఇకపై ఏం చేయాలో చెప్పి, ముగించారు. ‘బయటికొచ్చి మెట్రో ఎక్కాక గుర్తొచ్చింది, పన్నెండు పేజీల్లో ఎక్కడా గోదావరి అన్న మాట రాయలేదని’ అంటున్నారు. ఆ పేపర్లో 250కి వచ్చిన మార్కులు వంద లోపే ఆగాయి.

తర్వాత గదిలో కూర్చుని అదే ప్రశ్న మళ్లీ రాశారు. ఈసారి అంతా నాయనమ్మే. వరద రాత్రి, గుట్ట, మునిగిన ఇల్లు. టెస్ట్ సిరీస్‌లో (కోచింగ్ వాళ్లు పెట్టే నమూనా పరీక్షల్లో) దిద్దినాయన ‘బాగుంది. కానీ ఇది కథ, వ్యాసం కాదు’ అని రాసి ఇచ్చారు. కోచింగ్ సారు ‘వ్యాసంలో నేను అనే మాట పడకూడదు’ అంటారు. రూమ్మేటు ‘మనసులో ఉన్నది రాసెయ్’ అంటుంది. అన్నయ్య ‘మీడియం ఇంగ్లిష్‌కి మార్చు, లేదా ఇంటికొచ్చేయ్’ అంటున్నాడు. వీటన్నిటి కింద ఇంకో మాట ఉంది: ‘మా నాయనమ్మ కష్టాన్ని మార్కులకి అమ్ముకుంటున్నానేమో అని సిగ్గేస్తోంది.’

ఉత్తరం చివర, సంతకానికి ముందు, రెండు వాక్యాలు: ‘ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం, ఏరు కనుచూపు మేరలో లేదు. అయినా గట్టిగా వాన పడితే నాయనమ్మ బియ్యం బస్తాని సజ్జ మీదకి ఎక్కించమంటుంది, మేం నవ్వుతాం.’

అమ్మా, మీరు పంపిన రెండు రాతలూ చదివాను. మిమ్మల్ని ఏడిపిస్తున్నది వ్యాసం పేపరు ఒక్కటే కాదని తెలుస్తూనే ఉంది. ఇంటి సంగతికి చివర్లో వస్తాను, ముందు రాత సంగతి చూద్దాం. మీ చేతిలో ఉన్నది అదే.

‘కథ, వ్యాసం కాదు’ అన్నాయన మాట మీకు గుచ్చుకుంది. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ కారణం చెప్పకుండా వదిలేశారు. మీ రెండో రాతలో నీళ్లు పెరుగుతాయి, జనం గుట్ట ఎక్కుతారు, నీళ్లు తీస్తాయి, ఇల్లు బురదతో కనిపిస్తుంది. కాలం ముందుకి నడిచింది. మొదటి పేరాలో మీరు ఏమనుకుంటున్నారో చివరి పేరాలోనూ అదే అనుకుంటున్నారు: నది మారిపోయింది, మేమూ మారిపోయాం. ఇన్ని పేజీల మధ్యలో ఆ అభిప్రాయానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. మీరు కూడా చెప్పుకోలేదు. అందుకే అది ఆయనకి కథలా తోచింది. నాయనమ్మ ఉన్నందుకు కాదు, ‘నేను’ అన్నందుకూ కాదు.

పరీక్ష హాల్లో రాసిన మొదటిదాని సంగతి వేరు. ఒక చిన్న పని చేసి చూడండి. అందులో ఆర్థికం పేరా తీసి సమాజం పేరా ముందు పెట్టండి. పర్యావరణం పేరాని పైకి జరపండి. ఏమైనా తేడా వచ్చిందా? రాదు. మీ పేరాలన్నీ ‘అంతేకాక’, ‘అదేవిధంగా’, ‘మరోవైపు’ అని మొదలవుతున్నాయి. ఈ మాటలతో అతికించిన పేరాలు ఏ వరసలో పెట్టినా ఒకటే. ‘అయితే’, ‘మరి’, ‘అలాగైతే’, ‘అప్పుడు’ అని మొదలయ్యే పేరాని కదిలించలేం, ముందున్నదానికి అది జవాబు కాబట్టి. నేను వ్యాసాలు దిద్దిన ఇన్నేళ్లలో ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటి దొరకలేదు.

మన భాషలో ఈ రాతకీ, లెక్కల్లో ఒక గీతకీ ఒకటే మాట ఉండటం నాకు ఎప్పుడూ ఇష్టంగా ఉంటుంది. లెక్కల పుస్తకంలో కూడా వ్యాసం ఉంది కదా. వృత్తంలో ఈ అంచున మొదలై, కేంద్రం గుండా వెళ్లి, ఎదుటి అంచున తేలే గీత. కేంద్రాన్ని తాకకుండా పక్కనుంచి దాటిపోతే దాన్ని జ్యా అంటారు. మీ రెండో రాత జ్యా అమ్మా. అంచు మీద చక్కని చోట మొదలైంది, మీ ఇంటి గుమ్మం దగ్గర. కానీ కేంద్రంలో ఉన్న ప్రశ్నకి తగలకుండా పోయింది. మొదటిదాంట్లో గీతే లేదు, అంచు చుట్టూ అయిదు చుక్కలున్నాయి.

కేంద్రం అంటే ఏమిటో మీ ప్రశ్న మీదే చూద్దాం. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది, మీరు జవాబు తెలుగులో రాస్తారు. కాబట్టి అందరికంటే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది, ఆ వాక్యాన్ని తెలుగు చేసుకోవడం. దాన్ని మీరు ‘అడుగు పెట్టలేవు’ అని గబగబా తెలుగు చేసుకుని దాటిపోయారు. ఒక్క నిమిషం ఆగండి. మీ ఊళ్లో ఎవరైనా గోదావరిలో ‘అడుగు పెట్టాను’ అంటారా? ‘ఏట్లో దిగాను’ అంటారు. దిగినవాళ్లు ఎక్కాలి. ఒకే నదిలో రెండుసార్లు దిగలేమంటే, మొదటిసారి దిగినవాళ్లు బయటికి ఎక్కారన్న ఊహ ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు మీ నాయనమ్మని చూడండి. ఏరు లేని ఊళ్లో వాన పడితే బియ్యం సజ్జ మీదకి ఎక్కించమంటోంది. ఆవిడ దిగింది, ఇంకా ఎక్కలేదు.

మీ వ్యాసం అక్కడుంది. మీరు దాన్ని ఉత్తరం చివర, నవ్వుకుంటూ, రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు. రెండు రాతల్లోనూ అది లేదు.

దాన్ని పెడితే నడక ఎలా ఉంటుందో నాకు తోచింది చెబుతాను. ఇదే సరైనదని కాదు. మొదట, ప్రశ్నలో ఉన్న మాట నిజమే అని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, పైపైన కాదు. మీ ఊరి చరిత్ర అందుకు ఎంత సాయం చేస్తుందో మీకు తట్టినట్టు లేదు. ఎనభైకి దగ్గరపడుతున్న మీ నాయనమ్మ పుట్టినప్పుడు ఆ ఊరు తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ప్రాంతంతో పాటు ఖమ్మం జిల్లాకి వెళ్లింది. 2014లో పోలవరం ముంపు మండలాలతో కలిపి మళ్లీ తూర్పు గోదావరికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. పేరా ఇలా మొదలవ్వచ్చు:

‘మా నాయనమ్మ గుమ్మం కదలకుండానే మూడుసార్లు జిల్లా మారింది. ప్రతిసారీ రేషన్ కార్డు మీద కొత్త పేరు వచ్చింది. ప్రతిసారీ ఆవిడ అదే రేవులో నీళ్లు ముంచుకుంది. అదే రేవు అని ఆవిడ అనుకుంది.’

చివరి వాక్యంలో చిన్న అనుమానం మొలిచింది చూడండి. మొదటి పేరా పని అంతే. నిర్వచనం చెప్పడం, మహానుభావుల సూక్తి చెప్పడం దాని పని కాదు. హెరాక్లిటస్ రావాల్సిన చోటు దీని తర్వాత, రెండు మూడు వాక్యాల్లో: పారే నీళ్లు ఎప్పటికప్పుడు వేరు, దిగేవాడూ వేరు. ఆ రెండో సగం చాలామంది మరిచిపోతారు. దాని మీద ఒక పేరా నిలవండి. మనుషులు, సంస్థలు, చట్టాలు, తమను తాము నిన్నటివే అనుకుంటూ ఎలా మారిపోతాయో. మీరు కోచింగ్‌లో చదివిన రాజ్యాంగ సవరణలు, మారిన ఆర్థిక విధానాలు ఇక్కడ అక్కరకొస్తాయి. వాటిని పారేయమని నేను అనడం లేదు. తమ వంతు వచ్చినప్పుడు రమ్మంటున్నాను.

ఆ తర్వాత ‘అయితే’. సజ్జ మీది బస్తా ఇక్కడ రావాలి, వ్యాసం నడుమ. కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, ఆ నది లేకపోయినా ఆ నదిలోనే ఉన్న మనిషి. ఒప్పుకున్న మాటకి ఇది ఎదురు నిలబడుతుంది. చదివేవాళ్లు తల ఎత్తేది ఇక్కడే. దీన్ని వివరించొద్దు. బస్తా ఎత్తడం చూపించండి, ఎవరు పట్టుకున్నారు, మీరు ఎందుకు నవ్వారు, చాలు. అయిదారు వాక్యాలు మించొద్దు.

అప్పుడు ఆలోచన వెడల్పు కావాలి. బయటి నది మారుతుంది, లోపలి నది మారదు, అంటే దాని అర్థం ఏమిటి? ముంపు వల్ల కదిలిన కుటుంబాలకి పునరావాసం హక్కు అని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. భూమికి, ఇంటికి, చెట్టుకి వెల కడతాం. రేవులో పాతిన కర్ర చూసి రేపు నీళ్లు ఎక్కడికొస్తాయో చెప్పగల మనిషి తెలివికి ఏ ఫారంలోనూ గడి లేదు. ఇది మీరు పరిపాలన గురించి అంటున్న మాట, సివిల్స్‌కి వెళ్లాలనుకుంటున్న మనిషిగా. మీరు చదివిన జీఎస్ (జనరల్ స్టడీస్) అంతా ఇక్కడ పనికొస్తుంది, కానీ ఇప్పుడది మీ ప్రశ్న మోసుకొచ్చిన జీఎస్. దీనికి ఎదురు కూడా మీరే వేసుకోండి: జ్ఞాపకాన్ని పట్టుకుని కూర్చుంటే అనకట్టలు కట్టేదెప్పుడు? 1852లో ధవళేశ్వరం అనకట్ట కట్టకపోతే డెల్టా ఎక్కడుండేది? ఈ వాదన బలమైనది. దాన్ని బలహీనంగా రాసి కొట్టేయకండి. నిజంగానే తేల్చలేకపోతే, ఎంతవరకు తేలిందో అంతవరకే చెప్పండి.

చివర మళ్లీ బస్తా దగ్గరికి రావచ్చు. కానీ మొదట నవ్విన మీరు ఇప్పుడు నవ్వకూడదు. అదే బస్తా, అదే సజ్జ, చూసే మనిషి వేరు. ప్రశ్నకి మీ జవాబు అక్కడ చేతల్లో కనిపిస్తుంది, ‘కాబట్టి’ అని మొదలుపెట్టి చెప్పనక్కర్లేదు.

ఇక ‘నేను’ సంగతి. సివిల్స్ పరీక్ష పెట్టే యూపీఎస్సీ సిలబస్‌లో వ్యాసం పేపరు గురించి రాసింది చాలా కొద్ది: విషయాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, ఆలోచనల్ని ఒక క్రమంలో అమర్చాలి, క్లుప్తంగా రాయాలి, సూటిగా కచ్చితంగా చెప్పినదానికి మార్కులుంటాయి. ‘నేను’ వద్దని అందులో లేదు. అయిదు డైమెన్షన్లు ఉండాలనీ లేదు. అయితే మీ సారు అనుభవం మీద చెబుతున్నారు, దాన్ని తోసేయనక్కర్లేదు. మీకు మూడు దారులున్నాయి.

‘నేను’ లేకుండా, ‘గోదావరి ఒడ్డు పల్లెలో ఒక వృద్ధురాలు’ అని రాయొచ్చు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. నాయనమ్మ ఎవరో తెలియదు, మీ సిగ్గూ కొంత తగ్గుతుంది. కానీ చివర నవ్వు ఆగిపోయేది ఎవరికి? ఆ మలుపు మీది కాబట్టి అది పోతుంది, వ్యాసం కాస్త చల్లబడుతుంది. రెండో దారి, మొదటి పేరాలో, నడిమి బస్తా దగ్గర, చివర్లో మాత్రమే ‘నేను’ ఉండి, మిగతా వాదన అంతా మామూలు వ్యాస భాషలో సాగడం. దీనిలో కష్టం అతుకుల దగ్గర. ఇంటి మాట నుంచి చట్టం మాటకి దాటేటప్పుడు గొంతు ఒక్కసారిగా మారిపోతే చదివేవాళ్లకి కుదుపు తెలుస్తుంది. మూడోది, మొదటి నుంచి చివరి దాకా మీ ఆలోచన మీ గొంతుతోనే నడవడం. కుదిరితే దీన్ని మించింది లేదు. కుదరకపోతే మళ్లీ రెండో రాతే అవుతుంది, ‘విషయాన్ని అంటిపెట్టుకోలేదు’ అనడానికి దొరికిపోతారు. నా మనసు రెండోదాని వైపు ఉంది. మూడు ఆదివారాలు మూడు రకాలుగా ఇదే వ్యాసం రాసి, రూమ్మేటుకి చదివి వినిపించండి. ఎక్కడ ఆవిడ ఫోను చూసుకుంటుందో గుర్తు పెట్టుకోండి.

కొలతల మాట ఒకటి. మూడు గంటలు, రెండు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు. అందులో నాయనమ్మ వాటా అంతా కలిపి రెండు వందల మాటలు దాటకుండా చూసుకోండి. తొంభై నిమిషాల్లో మొదటి ఇరవై నిమిషాలు పెన్ను జవాబు మీద పెట్టొద్దు. చిత్తు పేజీలో మూడు వాక్యాలు రాయండి: ప్రశ్న చదవగానే ఏమనుకున్నాను, దాన్ని ఏది కదిలించింది, ఇప్పుడు ఏమంటాను. ఆ రెండో వాక్యం రాకపోతే ఆ ప్రశ్న మీది కాదు, పక్కదానికి వెళ్లండి. సెక్షన్‌లో నాలుగుంటాయి. ఇంకో జాగ్రత్త, ప్రతి ప్రశ్నకీ గోదావరిని లాక్కురావద్దు. 2024లో ‘నాగరికతలకు ముందు అడవులుంటాయి, తర్వాత ఎడారులు’ అని వచ్చింది, దానికి మీ ఊరు పనికొస్తుంది. 2023లో ‘గణితం హేతువు పాడే సంగీతం’ అన్న అర్థంలో ఒకటొచ్చింది, దానికి నాయనమ్మని తెస్తే ఆవిడకీ అన్యాయం, ప్రశ్నకీ అన్యాయం.

మీడియం గురించి. ఇంగ్లిష్‌కి మారితే పుస్తకాలు, నోట్సు, మోడల్ జవాబులు దొరకడం సులువు, ప్రశ్నని తెలుగు చేసుకునే బాధ తప్పుతుంది. కానీ మారితే వ్యాసం ఒక్కటే మారదు, జీఎస్ పేపర్లన్నీ మారతాయి. ‘దిగడం’, ‘ఎక్కడం’ మధ్య మీకు దొరికిన వ్యాసం ఆ భాషలో దొరుకుతుందా అన్నది మీరే చూసుకోవాలి. ఆ భాషలో మీకు వేరేది దొరకొచ్చు కూడా. ఇంటికి వెళ్లడం, ఉండిపోవడం మాత్రం 1750 మార్కుల రాత పరీక్షలో 250 మార్కుల పేపరు చూసి తేల్చే విషయం కాదు. అద్దె ఎవరు కడుతున్నారు, ఇంకా ఎన్నాళ్లు కట్టగలరు, అన్నయ్యతో అది విడిగా కూర్చుని మాట్లాడండి. వ్యాసం బాగా రాలేదన్న దిగులు మీద ఆ నిర్ణయం తీసుకోకండి.

ఇప్పుడు మీ సిగ్గు. దాన్ని నేను తక్కువ చేయను. అది ఉండటమే మంచిదనిపించింది, ఉత్తరం చదువుతుంటే. మీ రెండో రాతని మళ్లీ చూడండి. అందులో నాయనమ్మ ఆరుసార్లు ఏడ్చింది, నేను లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా ఏ పనీ చేయలేదు, ఏ మాటా అనలేదు. మీకు అమ్ముకుంటున్నట్టు అనిపించింది అందుకేనేమో. ఏడుపు కోసం మాత్రమే ఆవిడని తెచ్చారు. అదే బస్తా ఎత్తించే మనిషిగా వస్తే, ఆవిడ మీ వాదనని పక్కకి తిప్పుతోంది, మీరు నేర్చుకుంటున్నారు. రెండింటికీ చాలా దూరం ఉంది.

ఆ బస్తా వెనక ఏముందో మీకూ తెలియదు, మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 కంటే ఎక్కువ. అప్పటికి ఆవిడ నడివయసులో ఉండి ఉంటారు, పిల్లలతో. ఆ వారం ఆ ఇంట్లో బియ్యం ఏమయ్యాయి? ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఆవిడ మాటల్లోనే రాసుకోండి. పరీక్షలో రాస్తాను, రాయనా అని కూడా అప్పుడే అడగండి. సరే అంటే రెండో దారి. వద్దంటే మొదటి దారిలో ‘ఒక వృద్ధురాలు’ అని రాయండి, ఊరు కూడా మార్చేయండి. అసలు రాయొద్దంటే వ్యాసాన్ని పక్కన పెట్టి, ఈసారి వాన పడినప్పుడు ఇంటి దగ్గర ఉంటే, ఆ బస్తా రెండో చెవి మీరు పట్టుకోండి.